తలకొట్టిన కొలత

దీని మీద ఒకప్పుడు బొమ్మ ఉండేది.
గూట్లో పక్షో, దూడను నాకుతున్న ఆవో.
నాన్న బత్తంబాంగ్ రైలు స్టేషన్లో గుమాస్తా.
జీతం రోజున కాఫీలోకి చిక్కటి పాలడబ్బా ఒకటి తెచ్చేవాడు.
అడుగున మిగిలింది తమ్ముడు కోసల్ వాటా.
వేలు తెగేదాకా గీకేవాడు.

ఇప్పుడిది నా బియ్యం కొట్లో ఉంది.
నాలుగు డబ్బాలైతే కిలో.
త్రాసు కూడా ఉంది, బ్యాటరీది, ఎర్రంకెలు చూపిస్తుంది.
ముసలివాళ్లు మాత్రం దీంతోనే పొయ్యమంటారు.
త్రాసుకి మొహమాటం ఉండదని వాళ్లకి తెలుసు.

ఆ ఏప్రిల్‌లో ఊరు ఖాళీ చెయ్యమన్నారు.
మూడు రోజులే అన్నారు.
రోడ్డు మీద నోట్లు ఎండుటాకుల్లా దొర్లుతుంటే
అమ్మ ఒక్కదానికీ వంగలేదు.
డబ్బాని మాత్రం కొంగున కట్టి నడుముకి చుట్టుకుంది.

మోంగ్ దగ్గరి సహకార క్షేత్రంలో
వంటశాల పెద్ద ర్యేత్. పందొమ్మిదేళ్లవాడు.
మెడలో గళ్ల తువ్వాలు, చేతిలో మా డబ్బా.
సొంతం అనడం నేరం కదా, అదీ అంకాదైపోయింది.
అంకా అంటే సంస్థ.
దానికి మొహం లేదు, కడుపు లేదు.
మాకు రెండూ ఉండేవి.
మొదట్లో మనిషికో డబ్బా.
వానలు పడేసరికి ముగ్గురికి ఒకటి.
తరవాత పదిమందికి ఒకటి, జావగా.
చీకటి పడ్డాకే పోసేవాళ్లు కాబట్టి
అందులో చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

నిండా ముంచి,
వెదురుబద్దతో అంచు మీద ఒక్క గీత గీసేవాడు ర్యేత్.
శిగ రాలిపోయేది.
తలకొట్టిన కొలత.
ఆ మాట బియ్యం గురించే అనుకునేదాన్ని,
నాన్నని చదువు చెప్పిస్తామని తీసుకెళ్లేదాకా.

కోసల్ సంగతి ఎక్కువ చెప్పను.
ఖాళీ డబ్బా ఒక్కసారి వాసన చూస్తానన్నాడు.
ఇవ్వలేదు.

జనవరిలో తూర్పు నుంచి ట్యాంకులొచ్చాయి.
విముక్తి అని కొందరన్నారు, దండయాత్ర అని కొందరు.
మేం వంటశాల తలుపు పగలగొట్టాం.
నాన్న సైకిలు మీంచి పడ్డప్పటి సొట్ట చూసి
బూడిదలోంచి దీన్ని ఏరుకున్నాను.
ఆ ఏడాది దేశానికి డబ్బు లేదు, డబ్బా ఉంది.
క్షవరానికి ఒక డబ్బా, సూదికి రెండు.
పెళ్లికొడుకు నాకు తెచ్చిన కానుక పదహారు డబ్బాలు,
అందులో మూడు అప్పు తెచ్చినవి.

నీలం టోపీలవాళ్లొచ్చి ఓటు పెట్టించినప్పుడు
వేలు సిరాలో ముంచి ఎండలో నిలబడ్డాను.
ఒక దేశానికి ఇద్దరు ప్రధానులొచ్చారు,
ఒక డబ్బాకి రెండు మూతల్లాగా.
ఏ మూతా సరిగ్గా పట్టలేదు.

ముప్పై ఏళ్లు పోయాక నాంపెన్ కోర్టుకి పిలిచారు.
చెవుల్లో యంత్రం పెట్టుకున్న లాయరు అడిగాడు:
రోజుకి మనిషికి ఎన్ని గ్రాములు?
పోసేవాడి బొటనవేలు డబ్బాలో ఉందా బయట ఉందా
అన్నదాన్ని బట్టి, అన్నాను.
అనువాదకురాలు కాసేపు మాట్లాడలేదు.

ర్యేత్ ఇప్పుడు సంకే నది అవతల ఉంటాడు.
కళ్లలో పొర. చేతిలో సంచి.
మొన్న అమావాస్యకి వచ్చి రెండు డబ్బాలు పొయ్యమన్నాడు.
సొట్టని వేలితో తడిమాడు.
పాతదా, అన్నాడు.
అన్నీ ఇలాగే ఉంటాయి, అన్నాను.

అందరికీ శిగ ఉంచుతాను.
అతనికి మాత్రం అరచెయ్యి అంచు మీదికి పోయింది.
కొట్టాను.
రెండుసార్లూ కొట్టాను.
తరవాత ఒళ్లో రాలిన గింజలు దోసిట పట్టి
అవీ సంచిలోనే పోశాను.
ఎందుకో నన్నడక్కండి.

బట్టల ఫ్యాక్టరీకి సెలవని వచ్చిన మనవరాలు రచనా
ఎవరతను, అంది.
బాకీ ఉన్నాడు, అన్నాను.
ఎంత?

త్రాసు వైపు చూశాను.
మీద ఏమీ లేదు కాబట్టి
ఎర్రగా సున్నా చూపిస్తోంది.