పెన్సిలైతే జరిమానా లేదు

హడర్స్‌ఫీల్డ్‌లో వాన పడుతోందని చెప్పడం
నీళ్ళు తడిగా ఉన్నాయని చెప్పడమే.
కొండవాలు మీది చిన్న లైబ్రరీలో
మంగళవారాలూ శుక్రవారాలూ
చినిగిన పుస్తకాలకు కట్లు కడతాను.
వెన్ను విరిగినవాటికి జిగురు,
గీతలు పడ్డవాటికి రబ్బరు.
పెన్సిలైతే చెరిపేయాలి,
పెన్నయితే రెండున్నర పౌండ్లు వసూలు చేయాలి.
అంతే నియమం.

అక్టోబరులో మొదలైంది.
తిరిగొచ్చిన ఒక బొమ్మల పుస్తకంలో
భోజనాల బల్ల దగ్గరున్న పాప ముఖానికి
ఎవరో గోధుమరంగు పెన్సిలు రుద్దారు,
ఒత్తి ఒత్తి, కాగితం నునుపెక్కేదాకా.
నాన్న ప్యాంటు సాగి గౌనయింది,
గడ్డం మఫ్లరు కిందికి పోయి
చెవులకు రింగులొచ్చాయి.
ఖాళీ కుర్చీలో ఒక ముసలాయన,
ముక్కులో గొట్టం, పక్కన సిలిండరు.
కుక్కను మాత్రం ముట్టుకోలేదు.

చెరిపేశాను.
పాప రంగు పూర్తిగా పోలేదు,
ముసలాయన తేలిగ్గా పోయాడు.
పొట్టు ఊదేశాను.

నవంబరులో ఇంకోటి.
బాతుల కుటుంబంలోనూ ఒక ముసలి బాతుకు
అదే గొట్టం, అదే సిలిండరు.
నాలుగో పుస్తకం పెన్నుతో.

జరిమానా కట్టడానికి ముగ్గురూ వచ్చారు.
ఎఫువా, ఏడేళ్ళు, ముందుపళ్ళు లేవు,
శుక్రవారం పుట్టిందని ఆ పేరట.
ఒక తల్లి ఒంటి మీద రోడ్డు పనుల పచ్చ జాకెట్టు,
ఇంకో తల్లి చిల్లర లెక్కపెడుతోంది.
"సారీ చెప్పు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.
"పాడు చేయలేదు" అంది.
"వాళ్ళు మర్చిపోయారు. నేను దిద్దాను."

ఆ పిల్ల అన్నది ఇంగ్లీషులోనే.
నా చెవికి చేరేసరికి అది
పలక మీద బలపంతో
అ మీద అ దిద్దిన చప్పుడు.

కొత్తగూడెం. మూడో తరగతి.
మా కుటుంబం గురించి ఐదు వాక్యాలు రాయండి.
మా అమ్మ బస్సు కండక్టరు.
తెల్లారుజామున నాలుగింటికి
చీర మీద ఖాకీ కోటు తొడుక్కుని
తోలుసంచీతో డిపోకు పోయేది.
మా నాన్న పోపు పెడితే
పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకొచ్చేవాళ్ళు.
వాచకంలో మాత్రం
అమ్మ వంట చేయును, నాన్న ఆఫీసుకు వెళ్ళును.
నేనూ అదే రాశాను.
పదికి పది.
నాన్న గరిటె చేత్తోనే నోటుబుక్కు అందుకున్నాడు,
రెండుసార్లు చదివాడు.
"దస్తూరి గుండ్రంగా ఉంది" అన్నాడు.
పేజీ అంచున పసుపు వేలిముద్ర.

రెండున్నర పౌండ్లకు రసీదు రాశాను.
నియమం నియమమే, చేతులకే ఏదోలా ఉంది.

జనవరిలో కొత్త పుస్తకాల పెట్టె వచ్చింది.
ఒకటి దాచి ఉంచాను:
ఇద్దరమ్మలు, చామనచాయ కాదు,
నిజంగా నల్లటి పాప, తల నిండా జడలు.
గంతులేస్తుందనుకున్నాను.
ఎఫువా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి
డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు
ఒక్కో పేజీ చూసింది.
"బాగుంది."
కాసేపాగి, "తాత లేడు."

పుస్తకంలో లేడనా, ఇంట్లో లేడనా,
నాకు తెలియలేదు. అడగలేకపోయాను.

"కుక్క కూడా లేదు" అంది.
"మీ ఇంట్లో ఉందా కుక్క?"
"లేదు. కావాలి."
చెయ్యి చాపింది.
పెన్సిలు చెక్కి ఇచ్చాను,
రబ్బరు సొరుగులో పెట్టేశాను.

ఆ సాయంత్రం తలుపులు మూశాక
పారేయాల్సిన పుస్తకాల గుట్టలోంచి ఒకటి లాగాను.
అందులో వంటిల్లుంది,
పొయ్యి ముందు ఎవరో ఒకావిడ ఉంది.
ఆవిడ పక్కన నాన్నను వేయడానికి కూర్చున్నాను.
లుంగీ మడత కుదిరింది.
గరిటె కుదిరింది.
గరిటె పట్టుకున్న చెయ్యే రావడం లేదు,
సొరుగు తీసి
ఇప్పటికి నాలుగుసార్లు చెరిపాను.