మూతల లెక్క

హార్లిక్స్ సీసల నూటా పదమూడు మూతలున్నయి.
ఒక్కటే తాగిన అని ఆయన అన్నప్పుడల్లా
అంగి జేబు దులిపి
దొరికింది దొరికినట్టు అండ్ల ఏసుకుంట వచ్చిన.
నోటితోని కొట్లాడుడు నాకు రాదు.
సీస ఊపితే సాలు, ఇనవడుతది.

ఇయ్యాల బిడ్డ దాన్ని సాప మీద కుమ్మరించింది.
ఫ్రిజ్జుకు అతికే ఫోటోలు చేస్తదట.
చింతపండు పులుసుల నానేసి, పాత బ్రష్షుతోని తోమి,
లోపటి పొరను సూదితోని లేపి,
శివనగర్ల మా డాబ మీద ఎండకు పరిస్తే
ఎవలో బొమ్మల పెండ్లికి
గిన్నెలు కడిగి పెట్టినట్టున్నది.
ఒక్కో మూతకు ఇరవయ్యొక్క పండ్లు, లాస్య లెక్కవెట్టింది.
నాకు మూతల లెక్కే ఎరుక.
ఆయన నోటితోని పీకినయి వంగినయి, పనికిరావు.

అయస్కాంతం కావాలె గద.
గణపతి ఊరేగింపుల పేలిన స్పీకర్
మా మరిది సదయ్య తెచ్చిచ్చిండు.
సుత్తె దెబ్బకు నల్లరాయి పగిలి
కొన్ని ముక్కలు అతుక్కున్నయి,
కొన్ని ఒకదాన్నొకటి నూకేసినయి.
ఒక్క రాయి పిల్లలే.

రెండు రూపాల బిళ్ల పెట్టి, చుట్టు గీసి, కత్తెర తిప్పుతది.
మేడారంల బెల్లానికి దాన్ని తూగిచ్చిన ఫోటోల
తక్కెడ పోయింది, బెల్లం పోయింది,
ఏడుస్తున్న మొఖం మిగిలింది.
తర్వాత మా పెండ్లి ఫోటో తీసింది.
భుజం భుజం తగిలి నిలవడ్డం అండ్ల.
బిళ్లను అటు జరిపింది, ఇటు జరిపింది.
"అమ్మా, ఇద్దరు పట్టరే."
నేను పొయ్యి కాడ గంజి వంచుతున్న.
కత్తెర సప్పుడు
నా కుడి భుజం మీదికెల్లి పోయింది.

మీద ఫెవికాల్ పోసింది,
తెల్లగ, పెరుగు తోడేసినట్టు.
మొగిలి మొఖం మునిగింది. నాది మునిగింది.
"ఆగు, పొద్దటికి తేల్తయి."
రాత్రి రెండుమాట్ల లేచి సూసిన.
ఒకపారి ముక్కు.
ఇంకోపారి నా బొట్టు.
తెల్లారేసరికి అద్దం లెక్క ఆరి
పదహారేండ్ల కిందటి మనిషి సూస్తున్నడు,
ఇంకా మిర్చి ఘాటు పట్టని కండ్లతోని.

ఫ్రిజ్జు పాతది, తలుపు గట్టిగెయ్యాలె.
ఏసినప్పుడల్లా అందరు నిలుస్తరు,
ఆయన ఒక్కడే జారి పడ్తడు.
"నాన్నకు చిన్న ముక్క వచ్చింది" అని
లేపి పెడ్తది బిడ్డ.

ఎనుమాముల మార్కెట్ల బస్తాలు దించి, దగ్గుకుంట వచ్చి
ఫ్రిజ్జు ముందట చానసేపు నిలవడ్డడు.
ఏమన్లే.
బడిపిల్లలు పది రూపాలకొకటి అడుగుతున్నరని,
మంచి మూతలు ఒడిసినయని లాస్య అంటే
"నేను తెస్త తీయి" అన్నడు.
నేను సీస దిక్కు సూసిన.

మర్నాడు రాత్రి తొమ్మిది దాటింది.
తువ్వాల మూట విప్పితే
మూతలు, మట్టి, పల్లీల పొట్టు, ఒక బీడీ ముక్క.
దగ్గరికి పోయి వాసన సూసిన.
మిరపకాయ, చెమట.
మళ్ల సూసిన.
గంతే.
"పర్మిట్ రూం ఎనక ఏరిన" అన్నడు.
"ఎల్లగౌడ్ వాళ్లు నవ్విన్రు."
మోకాళ్లకు మట్టి, గోర్లల్ల మట్టి.

పిల్ల పండుకున్నది.
బాత్రూంల చెంబు సప్పుడు.
బల్బు కింద కూసొని లెక్కవెట్టిన,
యాభై ఏడు.
హార్లిక్స్ సీస మూత తీసి
ఒళ్లె పెట్టుకొని కూసున్న,
ఇవి ఏ ఖాతల ఎయ్యాల్నో తెల్వక.