ఎత్తి ఉంచిన కారు

డ్యాష్‌బోర్డు అరలో ఇంకా ఉంది
నెవిల్ ట్రెగెంజా రాసిచ్చిన ఆఖరి బిల్లు.
ఫ్యాన్ బెల్టు, ముప్పై ఎనిమిది డాలర్లు.
కూలీ అన్నచోట అంకె లేదు,
నల్లటి బొటనవేలి ముద్ర ఉంది.
చాలాకాలం అదే సంతకమనుకున్నాను.

బరింగల్‌లో స్కూలు బస్సు నడపడానికొచ్చిన రెండో వారం
నా పాత కారు ఆయన షెడ్డులో గాల్లో ఉంది.
కింద నిలబడి ఏదో విప్పుతున్నాడు.
సైరన్ ఊళ మొదలైంది.
పానా నేలకి తగిలిన చప్పుడు విన్నాను,
మనిషిని మళ్ళీ చూసింది చీకటి పడ్డాకే.
కనుబొమలు కమిలి, ఒళ్ళంతా బూడిద వాసనతో వచ్చి
"ఎక్కడిదాకా వచ్చాం?" అన్నాడు,
సగంలో మూసిన పుస్తకం తెరిచినట్టు.

గోధుమ ఊరు మాది. కోతల నెలలో
యంత్రం పళ్ళకి రాయి తగిలితే చాలు.
నలభై రెండేళ్ళు షెడ్డు గుమ్మం పక్కన
ఆయన పసుపు ప్యాంటు బూట్లలోనే నిలబడి ఉండేది,
మనిషి ఒక్కడే తక్కువ.
"జీతమెంత?" అని అడిగాను, తెలియక.
"ఏడాదికో బార్బెక్యూ.
సాసేజీలు మేమే తెచ్చుకోవాలి."

మా భాషలో మచ్చలేని మనిషిని నిప్పు అంటారని చెప్తే
నవ్వి నవ్వి దగ్గాడు.
"నన్ను మాత్రం ఇంకేదైనా అనండి."
సరే, ఎముక లేని చేయి అంటాం, అన్నాను,
అడిగినవాళ్ళకి లేదనని చేతిని.
కుడిచేయి చాపి చూపించాడు,
రెండుచోట్ల విరిగి వంకరగా అతికిన మణికట్టు.
"ఉంది. వానొచ్చే ముందురోజు చెప్తుంది."

దేవుడేం కాదు. రేడియో పెడితే విసుక్కునేవాడు,
మనం సొంతంగా బిగించిన నట్టు చూస్తే
మూడు రోజులు మాట్లాడేవాడు కాదు.
ఏటా ఫిబ్రవరిలో ఒక వారం షెడ్డు మూసుకునేవాడు.
ఎందుకని అడిగితే ఆయన భార్య మ్యూరియెల్ టీ పోసేది.
ఒక్కసారి మాత్రం చెప్పింది:
ఎప్పుడో, ఒక ఇంటికి
ఏడు నిమిషాలు ఆలస్యమయ్యారట.

మంగళవారం. నలభై ఒక్క డిగ్రీలు.
మా ఊరి హాలు పేరే మెకానిక్స్ హాలు,
నూరేళ్ళ కిందట ఎవరు పెట్టారో.
తెల్లపెట్టె మీద హెల్మెట్టు, పక్కన పదమూడో నంబరు పానా.
మోయడానికి ఆరుగురు వంగారు.
ఆరు నడుముల దగ్గర పేజర్లు
ఒక్కసారే కూశాయి.
వెనకే ఊళ.

ఎవరూ కదల్లేదు. ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు.
మ్యూరియెల్ లేచింది.
"ఏమిటి చూస్తున్నారు? వెళ్ళండి.
ఆగుతాడు. మీ కార్లన్నిటినీ ఆపలేదూ?"

నల్లకోట్లు కుర్చీల మీద వదిలి పరుగెత్తారు.
ముసలివాళ్ళం, పసివాళ్ళు, స్కోన్లు, ఈగలు మిగిలాం.
నడి హాల్లో, ఎత్తి ఉంచిన కారులా, ఆయన.
కిటికీలోంచి పడమటి పొగ చూస్తూ కూర్చున్నాం.
నల్లగా ఉంది. చాలాసేపు నల్లగానే ఉంది.
ఎవరో పసివాడు హెల్మెట్టు అడిగాడు. ఇచ్చారు.
పెట్టుకుని పెట్టె చుట్టూ తిరిగాడు.
నాలుగున్నరకి పొగ తెల్లబడింది.
ఎవరూ ఇంటికి పోలేదు.

మసి మొహాలతో, ఇస్త్రీ మడత పోని చొక్కాలతో తిరిగొచ్చారు.
కెప్టెన్ లొరెయిన్ బుఖోల్జ్
చేతులు ప్యాంటుకి తుడుచుకుని, అయినా నల్లగానే ఉంటే
అలాగే పిడి పట్టుకుని,
పెట్టెతోనో మాతోనో అంది,
"ఎక్కడిదాకా వచ్చాం?"

సోమవారం సాయంత్రాలు నేనూ వెళ్తున్నాను.
గొట్టం చుట్టడం నేర్పుతున్నారు.
మూడుసార్లు చుడితే రెండుసార్లు వంకర.
ఎడమకి తిప్పితే కారు ఇంకా కీచుమంటుంది.
"జబ్బు కాదమ్మా, దాని గొంతే అంత" అన్నాడు ఒకప్పుడు.
హార్షమ్‌లో కుర్ర మెకానిక్ ఉన్నాడు,
పది నిమిషాల్లో సరిచేస్తానంటాడు.

వద్దన్నాను.