మూడొందల ఏడు

సూర్యాపేటలో ఇదే గది.
రాజమండ్రిలోనూ ఇదే.
అదే గోధుమరంగు పరదా,
అదే అరచేతిలో సగమైనా రాని సబ్బు,
మంచం తలవైపు అదే పటం:
ఎవరిదో తెలియని సముద్రం మీద
ఎటూ పోని ఒక పడవ.
తలుపు తీసిన ప్రతిసారీ
బయల్దేరిన చోటే ఉన్నామేమో అనిపిస్తుంది.

అయినా ఇందులోనే దిగుతాం.
పద్దెనిమిది వందలు, తడి లేని బాత్రూం,
ఇద్దరు ఆడవాళ్లని
"ఇంకెవరూ రాలేదా" అని అడగని కౌంటరు.
మిగిలిన డబ్బులన్నీ నోటికే.

ట్రెజరీ ఆఫీసులో ఇరవయ్యేళ్లు
నా క్యారియర్ శంషాద్, శంషాద్ క్యారియర్ నేను తిన్నాం.
ఈ తిరుగుడు తనే కట్టింది, చిట్టా తనే రాస్తోంది.
కిరాణా కొట్టువాళ్ల పొడుగాటి పుస్తకం,
ఎర్ర అట్ట, దారంతో కట్టిన పెన్ను.
తాపేశ్వరం కాజా: ఎనిమిదిన్నర.
బెజవాడలో బండి మీద పునుగులు: ఎనిమిది.
ఉలవచారు, మీగడేసి: తొమ్మిది.
ఆత్రేయపురంలో పూతరేకు నోట్లో పెట్టుకుని
"కాగితంలా ఉంది" అంది.
పొగిడిందనుకున్నాను.

గుంటూరు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర.
అరండల్‌పేటలో మేడ మీద మెస్సు,
విస్తట్లో గోంగూర మాంసం, పక్కన పచ్చి ఉల్లిపాయ.
రెండో ముద్దకే నాకు చెవులు వేడెక్కాయి.
మూడుసార్లు మంచినీళ్లు అడిగాను.
శంషాద్ గ్లాసు ముట్టలేదు.
గట్టిపిండం అనుకున్నాను.

గదికొచ్చి, దీపం ఆర్పాక, చీకట్లో చెప్పింది.
"నాకేం తెలియట్లేదే.
ఆ జ్వరం తగ్గిన కాణ్ణుంచీ అంతే.
గోంగూర తడిగా ఉంది. ముక్క మెత్తగా ఉంది.
అన్నం వేడిగా ఉంది. అంతవరకే."

మరి ఆ నంబర్లు?

"నీ మొహం చూసి వేశా.
కళ్లు మూసుకుంటే ఎనిమిది.
మాట్లాడకుండా తింటే ఎనిమిదిన్నర.
ఉలవచారప్పుడు వేలు నాకావు, గుర్తుందా?"

ఏసీ ఒక్కటే మాట్లాడుతోంది.
ఏమనాలి?
ఎనిమిది వందల కిలోమీటర్లు
నా మొహాన్ని తింటూ వచ్చిన మనిషికి
సారీ చెప్పాలా, థాంక్స్ చెప్పాలా?
పటంలో పడవ చీకట్లో కూడా కదల్లేదు.

తెల్లారగట్ల నాలుగున్నరకి
చుట్టుగుంట వైపు లారీలు మొదలయ్యాయి.
టిక్కీల మీద టిక్కీలు, తాళ్లు బిగదీసి,
యార్డు గేటు తీయకముందే వరసలో నిలబడేందుకు.
ఇన్ని ఊళ్లలో ఒకేలా ఉండాలని
కంపెనీ ఎంత కష్టపడి కట్టిందో ఈ గది!
దానికి ఆ ఏసీ కంతలోంచి
గుంటూరు దూరింది.

ముందు నాకు దగ్గొచ్చింది.
తర్వాత ఆ మంచం మీంచి ఒక తుమ్ము.
ఇంకోటి. ఆపకుండా ఏడు.
లేచి కూచుంది, ముక్కు కారుతూ, కళ్లు కారుతూ,
దుప్పటి అంచుతో తుడుచుకుంటూ నవ్వుతోంది.

కారం రుచి కాదట శంషాద్,
అది మంటేనట, డాక్టర్లంటారు, అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

"మంటయితే మంట.
నీ మొహం చూడకుండా తెలిసింది కదా."

కిటికీ తీయబోయింది. తెరుచుకోదు, సీలు వేసేశారు.
కుర్చీ లాక్కుని ఏసీ కిందే కూచుంది,
ముక్కు పైకెత్తి,
తెల్లారేదాకా.

పొద్దున కింద ఉచిత టిఫిను:
బ్రెడ్డు, జాము, చల్లారిన ఉప్మా.
ఇద్దరం కాఫీతో సరిపెట్టాం.
కౌంటర్లో ఏసురత్నం, జేబు మీద పేరు బిళ్ల,
రూము ఎలా ఉందండీ అన్నాడు.
"కాస్త ఘాటు" అంది శంషాద్.
పాపం కంగారు పడ్డాడు.
"సీజనండీ, అన్నీ మూసినా వచ్చుద్ది.
కంప్లైంటు రాసుకోమంటారా?"

వద్దు వద్దని
సంచీలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసింది.
తేదీ వేసింది. మూడొందల ఏడు అని రాసింది.
ఎదురుగా గీత గీసి, పెన్ను పట్టుకుని
కాసేపు ఆగింది.

ఎంత వేసిందో నేను అడగలేదు.
నా వైపు మాత్రం చూడలేదు.