ఇరవై ఎనిమిదో రోజు

గెంట్ ఊరి చెత్తంతా కాలాక
నా దగ్గరికొస్తుంది.
బూడిదకి నోరుండదనుకుంటారు.
జల్లెడ పట్టి చూడండి:
నాలుగు తాళంచెవులు, సగం కరిగిన చెంచా,
ఎవరి పిల్లాడిదో బొమ్మరైలు చక్రం.
ఇనుమంతా అయస్కాంతం ఏరుకుపోగా
మిగిలిన కుప్ప ఆరుబయట
మూడు నెలలు వానకు నానాలి.
ఈ దేశంలో వానకేం కరువు!

తొలిసారి తొందరపడ్డాను.
సిమెంటులో మూడోవంతు తగ్గించి, బూడిద కలిపి,
అచ్చుల్లో పోసి, దీపాలార్పి ఇంటికెళ్లాను.
తెల్లారి చూస్తే
దిమ్మెలన్నీ పులిసిన పిండిలా పొంగి
అంచులు దాటి కూర్చున్నాయి.
ఏరగా మిగిలిన అల్యూమినియం నలుసులు
రాత్రంతా బుడగలు ఊదాయన్నమాట.
"రొట్టెలు చేశావా గ్రీట్?"
వన్నెస్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

మా నాన్న రెమీ
ముప్పైమూడేళ్లు సున్నపురాయి బట్టీ ముందు నిలబడ్డవాడు.
"రాయి కాలితే సిమెంటు,
చెత్త కాలితే చెత్తే"
అనేవాడు సూపు తాగుతూ, నా వైపు చూడకుండా.
తరిగిపోతున్న కొండ గురించి, పొగ గురించి
నేనేదో మొదలుపెడితే
"ఆ పొగే నిన్ను చదివించింది" అన్నాడు.
దానికి నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.

మళ్లీ కడిగాను. ఉప్పు వదిలేదాకా కడిగాను.
క్షారంలో నానబెట్టి
ఆ బుడగలేవో ముందే ఊదించేశాను,
మారాం చేసే పిల్లని
ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి పడుకోబెట్టినట్టు.

ఇరవై ఎనిమిదో రోజు నాన్న వచ్చాడు.
పిలవలేదు. కోటు విప్పలేదు.
యంత్రం దిమ్మె మీదికి దిగింది.
ముప్పై. ముప్పై ఐదు.
వన్నెస్ గోళ్లు కొరుకుతున్నాడు.
నలభై ఒకటి దగ్గర
ఎండుకొమ్మ విరిగినంత చప్పుడు.

అందరం అంకె వదిలేసి ఆయన ముఖం చూశాం.
ఆయన పగిలిన ముక్క ఎత్తి,
బొటనవేలి గోటితో గీరి,
వాసన చూసి,
"నాలుగు చలికాలాలు బయట పెట్టి చూడు" అన్నాడు.
ముక్కని మాత్రం జేబులో వేసుకున్నాడు.

ఆదివారం ఇంటికెళ్తే
వంటింటి బల్ల కుంటికాలి కింద
అదే ముక్క.
మోచేతులానించి కూర్చున్నాం ఇద్దరం.
సూపు తొణకలేదు.