గోనెసంచుల లెక్క

శుక్రవారం తెల్లారగట్ల ఆటకి
మూడు సంచుల కాగితం ముక్కలు.
సీట్ల కింద పాలు, అరటిపండు తొక్క,
ఎవరిదో ఒంటి చెప్పు.
ముత్తుపేచ్చి చీపురు గోడకి ఆనించి చెప్పింది:
"మేనేజరు గారూ, బొమ్మ ఆడుద్ది."

శనివారం రెండు. ఆదివారం రెండున్నర,
అందులో సగం పాప్‌కార్నే.
సోమవారం తూత్తుకుడి ఉప్పుమళ్లలో ఎవరికీ సెలవు లేదు.
గల్లాపెట్టె ముందు మచాడో
మీసం కొరుక్కుంటూ అడిగాడు, "ఎంత?"
"చేటెడు."

తెర మీద హీరో రోజుకి నాలుగుసార్లు
నలభైమందిని నరుకుతాడు.
అక్కడి నెత్తురు ఎవరు కడుగుతారో
ఆమెకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

గురువారం రాత్రాటకి తొమ్మిదిమంది.
ఒకడు గురక.
ఈలలు లేని హాల్లో
మొదటిసారి మాటలు వినపడ్డాయి:
తుపాకీ ఎత్తిన హీరో
ఎదుటి కుర్ర రౌడీని అడుగుతున్నాడు
"సాప్టియా?"
అన్నం తిన్నావా అని.
వాడు లేదన్నట్టు తల ఊపాడు.

వారమంతా ఊడ్చిన సినిమాలో
ఈ ముక్క ఎక్కడ దాక్కుందో!
చీపురు ఒళ్లో పెట్టుకుని
తలుపు దగ్గరే చతికిలబడింది.

బయట, రేపటి పోస్టరుకి
మైదా ఉడుకుతున్న వాసన.