నూటొకటో తట్ట

పూటకు నూరు తట్టలు కడుగుతా నేను.
అనంతపురం బస్టాండు ఎనక
సుంకులక్క మెస్సంటే చాలు,
ఆటోవాళ్లు ఇంగో మాట అడక్కుండా దించిపోతారు.
సంగటి ముద్ద మీద ముద్ద పెట్టి
"ఇంగొంచెం ఏస్కో నాయనా" అని
పొట్ట పగిలేదాకా వదలనిదాన్ని.

ఈ పచ్చ పిల్ల జానెడు లేదు,
తోకతో కలిపితే జానన్నర.
దీనికి మాత్రం పన్నెండు దినాలుగా
ఒక్క ఆకు తినిపించలేకపోతి.

వన్నూరు పెట్టిపోయినాడు దీన్ని,
ఇంజినీరింగు పిల్లోడు, రెండేండ్ల ఖాతా.
కామెర్లొచ్చి కణేకల్లుకు పోతా పోతా
గాజుపెట్టె నా చేతికిచ్చి
"ఇగ్వానా అక్కా. ఆకులే తింటాది.
నీకేం కష్టం లే" అన్యాడు.

పాలాయన తొండ అనె.
మా చెల్లెలు ఉడుం పిల్ల, ఇంట్లో పెట్టుకోవద్దు అనె.
గ్యాసు సిలిండరు పిల్లోడు మూడడుగులు ఎనక్కేసె.
నేను ఎవురికీ బదులు చెప్పలా.
ఆకలే కాని దానికి పేరెందుకులే.

మునగాకు పెట్టినా. మూతి తిప్పుకొనె.
చిర్రాకు సన్నగా తరిగి, గుమ్మడికాయ కోరి కలిపినా.
మందారపువ్వు రేకు రేకు విప్పి
దాని ముక్కు కాడ ఊపినా.
నాలుక బయటికొచ్చి గాలిని నాకి
మళ్లా లోపలికి పాయె,
అప్పడిగేటోన్ని చూసి తలుపేసినట్ల.

పశువుల డాక్టరు చెయ్యి కడుక్కుంటా చెప్పె:
"నా చదువు ఎద్దులకూ గొర్రెలకూ తల్లీ.
దీనికి మాత్రం ఎండ గావల్ల. తెలిసేది అంతే.
అద్దంలోంచి వచ్చేది ఎండ కాదు."

నవ్వొచ్చె నాకు.
మిద్దె మీది ట్యాంకులో నీళ్లు తాకితే బొబ్బలెక్కే ఊర్లో
ఒక ప్రాణం
బియ్యం మూటల నడుమ, ట్యూబులైటు కింద
చలికి ముడుచుకోని ఆకలి మర్చిపోయిందంట.

అప్పట్నుంచి పొద్దున్నే మిద్దె మీదికి,
పాత దోమతెర కింద, సగం ఎండ, సగం నీడ.
గోరెచ్చని నీళ్ల బోకిలో అర్ధగంట.
తొమ్మిదో దినం ఆ నీళ్లలోనే దొడ్డికి పాయె.
బాలింత తల్లి మాదిరి
ఆ ముచ్చట ముగ్గురికి ఫోన్ చేసి చెప్పినా.
రంగు తేరుకొనె. కండ్లు తెరిచి నన్నే చూసె.
తినల్యా.

రాప్తాడు కాడ పట్టుపురుగులు మేపే ఓబుళమ్మ
కొంగులో మల్బరీ ఆకు మూటగట్టుకోనొచ్చె.
"నా పురుగులు దీన్ని తింటాంటే
వాన పడినట్ల ఉంటాదే చప్పుడు.
వాన రాని ఏడు అది వింటానే నిద్రపోతా" అనె.

లేతాకు ఏరి, తొడిమ పట్టుకోని
మోకాళ్ల మీద కూర్చుంటి.
ఒక్క కొరుకు. ఒక్కటే. నా తల్లి కదా. నా బంగారు కదా.

మూల బల్ల కాడ గోడకు తిరిగి తినే మద్దిలేటి,
లారీ క్లీనరు, ఐదేండ్లుగా నోరిప్పనోడు,
చెయ్యి కడుక్కుంటా అనె:
"అట్ల ఎదురుగా నిలబడి చూస్తే
ముద్ద దిగదక్కా. నాకూ అంతే."

ఐదేండ్లు నేను చూసింది వాని ఈపునే.
పొగరనుకుంటి.

ఆ మధ్యాన్నం ఆకు పెట్టి, తెర దించి,
అటు తిరిగి కూర్చోని
చింతపండుకు గింజలు తీస్తాంటి.
ఎనక ఏదో చప్పుడు.
వాన కాదు, చినుకూ కాదు.
కాగితం అంచు చిరిగినట్ల, ఆగి, మళ్లా.
మెడ తిరగబోయె. బిగబట్టుకుంటి.
గింజలు లెక్కపెడతా పోతి. నూరు దాటె.

సాయంత్రం వన్నూరు ఫోను, గొంతు పీలగా.
"తినిందా అక్కా?"
తట్టలో ఆకు అంచుకు
గోటిముక్కంత నెలవంక తరుగు.
"ఏమో రా, నేను చూల్యా" అన్యా.

నువ్వు తిన్యావా
అని అడగబోయి
ఊరుకుంటి.